మావయ్య నలభై ఏళ్ల నాటి రాకెట్: ఎగరేయాలా, అటక మీదే ఉంచాలా?

అటకమీదిబొమ్మ:

అందరికీ నమస్కారం. రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి పెంకుటిల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆవకాయ జాడీల వెనకాల ఒక అట్టపెట్టె దొరికింది. అందులో మా పెద్దమావయ్య 1984లో అమెరికా నుంచి తెచ్చిన మోడల్ రాకెట్ ఉంది. ఎస్టెస్ కంపెనీ వాళ్ల బిగ్ బెర్తా. నల్లరంగు, రెండడుగుల పొడవు, అట్టగొట్టం, బాల్సా చెక్క రెక్కలు నాలుగు. ఒక రెక్క మీద బాల్‌పెన్నుతో రెండు గీతలున్నాయి, అంటే రెండుసార్లు ఎగిరిందన్నమాట. ఫోన్ చేస్తే మావయ్య గంటసేపు అదే చెప్పాడు. ట్రాక్టర్ బ్యాటరీకి వైర్లు తగిలించి చేలో ఎగరేశారట, మొదటిసారి ఊరంతా వచ్చి చూశారట, రెండోసారి పంటకాలవ అవతల పడితే ఎవరో కుర్రాడు ఈదుకెళ్లి తెచ్చాడట, ఇక ఆ సాయంత్రమే అమ్మమ్మ "గడ్డిమేటు మీద పడితే కొంపలంటుకుంటాయిరా" అని దాన్ని పెట్టెలో పెట్టించేసిందట.

మావయ్యకి ఇప్పుడు డెబ్బై రెండు. సంక్రాంతికి వస్తున్నాడు. మా తొమ్మిదేళ్ల బుడ్డోడు ఆ రాకెట్ చూసిన దగ్గర్నుంచి నన్ను నిలవనివ్వడం లేదు. తాతయ్య రాగానే ఎగరేయాల్సిందే అంటున్నాడు.

నా అనుమానాలు ఇవీ. పెట్టెలో ఇంకా మూడు మోటార్లు ఉన్నాయి, అంటే రాకెట్‌ని పైకి తోసే మందు కూరిన బొటనవేలంత లావు అట్టగొట్టాలు, పైన బి6-4 అని ఉంది. ఇన్నేళ్ల తర్వాత పనిచేస్తాయా? రెండోది, లోపల ప్యారాచూట్‌ని రాకెట్‌కి కలిపే రబ్బరు పట్టీ పట్టుకుంటే బెల్లంపాకంలా వేలికి అంటుకుంటోంది. మూడోది అసలు సమస్య. మా ఊళ్లో ఎటు చూసినా కొబ్బరిచెట్లే. ఎగరేయడం ఒక ఎత్తు, మళ్లీ దొరకబుచ్చుకోవడం ఇంకో ఎత్తు. పోగొట్టుకుంటే మావయ్య మొహం చూడలేను.

తారాజువ్వ_బ్యాచ్:

ఇంత ఆలోచన ఎందుకు బ్రదర్, దీపావళికి జువ్వలు ఎగరేయలేదా ఏంటి మనం, ఒత్తి అంటించి పరిగెత్తడమే 😀

భీమవరం_గాలి:

పైనున్న ఆయన మాట దయచేసి వినకండి. జువ్వ తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు, ఇది తిరిగి రావాలి. తేడా అంతా అక్కడే ఉంది.

నేను టెక్సస్‌లో ఏడేళ్లు ఉండి వచ్చాను. అక్కడ నెలకోసారి క్లబ్ వాళ్లు పెద్ద మైదానంలో రాకెట్లు ఎగరేస్తారు, నేనూ వెళ్లేవాణ్ని. నా దగ్గరా ఒక బెర్తా ఉండేది. లావు గొట్టం, పెద్ద రెక్కలు, అందుకే నిదానంగా, కంటికి ఆనుతూ లేస్తుంది. సన్న రాకెట్లలా చటుక్కున మాయమవదు. పాతవాళ్లకి దీనిమీద ప్రేమ అందుకే.

ముందు మోటార్ల సంగతి. బి6-4లో బి అంటే మొత్తం తోపుడు, అయిదు న్యూటన్-సెకన్ల లోపు. ఏ నుంచి బి, బి నుంచి సి, అక్షరం మారితే రెట్టింపు. 6 అంటే సగటు తోపుడు ఆరు న్యూటన్లు. 4 అంటే మందు కాలిపోయాక నాలుగు సెకన్లు ఆగి, లోపల ఇంకో చిన్న మందు ముందువైపుకి పేలి ముక్కుని తోసేసి ప్యారాచూట్ బయటికి వదులుతుంది. ఈ నాలుగు సెకన్లలో రాకెట్ తన ఊపుతో పైకి వెళ్తూనే ఉంటుంది, సరిగ్గా పైన ఆగేచోట చూట్ రావాలని లెక్క.

ఇప్పుడు మీ మూడు మోటార్లు నలభై వేసవులు పెంకుల కింద అటకలో ఉన్నాయి. పగలు మాడిపోయి, రాత్రి చల్లబడి, మళ్లీ మాడి. లోపల ఉన్నది గట్టిగా దట్టించిన తుపాకిమందు, చుట్టూ ఉన్నది అట్ట. వేడికి రెండూ ఒకేలా సాగవు. మెల్లగా మందు అట్టని వదిలేస్తుంది, లేదా సన్నగా బీటలిస్తుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. అంటించాక మంట వరసగా ఒక చివరి నుంచి కాలడం మానేసి ఆ సందులోకి దూరి మొత్తం ఒక్కసారే కాలుతుంది. రాకెట్ స్టాండు మీదే పగిలిపోతుంది. అక్కడ దీన్ని కేటో అంటారు. నా కళ్ల ముందే ఒకాయన చిన్నప్పటి రాకెట్ అలా పోయింది, నల్లటి అట్టముక్కలు ఏరుకుని సంచిలో వేసుకుని ఎవరితో మాట్లాడకుండా కారెక్కి వెళ్లిపోయాడు.

కాబట్టి అవి కాల్చకండి. ఇంకో మాట, ఇవి మన దగ్గర పేలుడు పదార్థాల కిందకి వస్తాయి. 1884 నాటి చట్టం, 2008 రూల్సు, పేలుడు పదార్థాల భద్రత చూసే పెసో అనే కేంద్ర సంస్థ నాగపూర్ ఆఫీసు లైసెన్సులు, ఇదంతా ఆ లెక్క. కొత్తవి పోస్టులో తెప్పించుకుందామన్నా, మావయ్యగారు సూట్‌కేసులో తెద్దామన్నా కుదరదు, విమానంలో నిషేధం. ఇంట్లో మందు కూరదామన్న ఆలోచన ఎవరైనా చెప్తే వాళ్లకి దణ్ణం పెట్టేయండి. దీపావళి ముందు మన జిల్లాల్లో మందు దగ్గర చేతులు కాలిన ఇళ్లు నాకంటే మీకే ఎక్కువ తెలుసు.

ఆ మూడింటినీ బకెట్ నీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టండి. వంటింటి దగ్గర కాదు, పెరట్లో, పిల్లాడికి అందకుండా. అట్ట చుట్ట విడిపోయి మందు బురదైపోతుంది, అంతే, పని అయిపోతుంది.

రాకెట్ మాత్రం నిక్షేపంగా బతికించుకోవచ్చు. రబ్బరు పీకేయండి, అది తెగితే ముక్కు ఒక చోట, గొట్టం ఒక చోట పడతాయి. నా అనుభవంలో పాత రాకెట్లు పోయేది చాలావరకు దీనివల్లే, మోటార్ వల్ల కాదు. టైలరింగ్ షాపులో ఎలాస్టిక్ రెండు మీటర్లు కొనండి, నిక్కర్లకి వేసేదే. గొట్టం లోపలి గోడకి, ముక్కు అడ్డు పడకుండా రెండంగుళాలు కిందకి, కాగితం మూడు మడతలు వేసి ఆ మడతల్లో ఎలాస్టిక్ పెట్టి ఫెవికాల్‌తో అతికించాలి. రాత్రంతా ఆరనివ్వండి. రెక్కల్ని ఒక్కోటీ వేలితో మెల్లగా పక్కకి నెట్టి చూడండి. కిర్రుమంటే మొదట్లో జిగురు మళ్లీ పట్టించండి. పక్కన స్ట్రాలాంటి చిన్న గొట్టం ఉంటుంది చూడండి, లాంచ్ రాడ్ మీద, అంటే రాకెట్ తిన్నగా లేవడానికి నిలబెట్టే కడ్డీ మీద జారేది, అది ఊడిపోకుండా ఉందో లేదో కూడా.

రంగు మాత్రం కొత్తది వేయకండి. ఆ గీతలు పోతాయి.

అటకమీదిబొమ్మ:

థాంక్సండీ, చాలా విషయం చెప్పారు. మోటార్లు పెరట్లో పాత తొట్టిలో వేశాను. పొద్దున చూస్తే ఒకటి పచ్చిపనసతొన తొక్కలా పొరలు పొరలుగా విచ్చుకుంది, నీళ్లు కాటుక రంగు, అడుగున గట్టిగా ఒక మట్టిబిళ్ల, మధ్యలో బెజ్జం. మంట బయటికి చిమ్మే నాజిల్ అదే అనుకుంటా. బుడ్డోడు ఏడుపు మొహం పెట్టాడు, ఆ బిళ్ల కడిగి ఇచ్చాక ఊరుకున్నాడు.

మరి మోటార్ లేకుండా ఇక్కడ ఎగరేసే దారి ఏదీ లేదా?

పంక్చర్_షాపు:

మన షాపులో కంప్రెసర్ ఉంది అన్నా. కింద గొట్టం నుంచి గాలి గట్టిగా కొడితే లేవదా? యూట్యూబ్‌లో పేపర్ రాకెట్లు అలాగే లేపుతున్నారు.

భీమవరం_గాలి:

ఆలోచన బాగుంది కానీ బెర్తాకి పనికిరాదు తమ్ముడూ. పేపర్ రాకెట్‌కి ముక్కు మూసి అతికించేస్తారు. దీనిలో మోటార్ పెట్టే గొట్టం పైకి తెరుచుకునే ఉంటుంది, ఆ గాలి నేరుగా ముక్కు దగ్గరికి పోతుంది. ప్యారాచూట్ బయటికి రావడానికే అలా చేశారు. మీరు కొట్టిన మరుక్షణం ముక్కు ఎగిరి షాపు రేకుల మీద పడుతుంది, రాకెట్ ఉన్నచోటే ఉంటుంది. ముక్కు అతికించేస్తే లేస్తుందేమో, కానీ ప్యారాచూట్ ఉండదు, దిగేది బల్లెంలా దిగుతుంది. ఆ రెక్కలు మళ్లీ అతకవు.

లంక_మాస్టారు:

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను కోనసీమలో హైస్కూల్లో సైన్సు చెప్తాను. నాకు మందు రాకెట్ల అనుభవం లేదు. పిల్లలతో ఆరేళ్లుగా నీళ్ల రాకెట్లు ఎగరేయిస్తున్నాను, కూల్‌డ్రింకు బాటిల్, మూడోవంతు నీళ్లు, సైకిల్ పంపుతో అరవై పౌన్ల గాలి. అందువల్ల మన గాలి, మన చెట్లు, మన బురద గురించి మాత్రం గట్టిగా చెప్పగలను. పైకి పంపేది ఏదైనా కిందకి వచ్చేది ఈ గాలిలోనే కదండీ.

మొదట, సంక్రాంతి ఆలోచన మానండి. సార్వా కోసి కుప్ప వేసేసరికే దాళ్వా ఆకుమళ్లు పచ్చగా ఉంటాయి, పండగనాటికి నాట్లు పడుతుంటాయి. చేలో మోకాలి దాకా దమ్ము. అట్టగొట్టం అందులో పడితే పది నిమిషాల్లో నానిన అప్పడమే. పైగా నాటిన చేలో మీరు రాకెట్ కోసం పరిగెడితే రైతు ఊరుకుంటాడా, ఊరుకోకూడదు కూడా. మనకి దొరికే సమయం ఒక్కటే, దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్ చివర నుంచి, కాలవలు కట్టేసి మళ్లీ నీళ్లు వదిలేదాకా. చేలు ఎండి నెర్రెలిచ్చి ఉంటాయి, దూరం వరకు కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఎండుగడ్డి భయం ఎక్కువ, అందుకే నాకు నీళ్ల రాకెట్టే మనశ్శాంతి. మీ అమ్మమ్మగారి మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఇంకోటి. మన ప్రాంతంలో భూమి కింద గ్యాస్ పైపులున్నాయి. పాశర్లపూడి బావి 1995లో 65 రోజులు మండింది, నగరం పైపులైను 2014లో పేలింది. నిప్పుతో పని అయితే పైపులైను రాళ్లు పాతిన చోటికీ, బావుల చుట్టుపక్కలకీ అసలు పోకూడదు. పిల్లలకి నేను మొదటిరోజే ఆ రాళ్లు చూపించి గుర్తుపట్టమంటాను.

పొద్దున ఆరు నుంచి ఎనిమిది. అంతే. పదీ పదకొండు దాటితే సముద్రపు గాలి మొదలవుతుంది, ఇక ఏదీ మీ మాట వినదు. లెక్క చాలా సులువు. చూట్ సెకనుకి నాలుగు మీటర్లు దిగుతుందనుకోండి. వంద మీటర్ల ఎత్తు నుంచి పాతిక సెకన్లు. గాలి సెకనుకి అయిదు మీటర్లుంటే, అది పెద్ద గాలి కూడా కాదు, కొబ్బరాకు గలగల్లాడే గాలి, నూట పాతిక మీటర్లు కొట్టుకుపోతుంది. మా ఊళ్లో నూట పాతిక మీటర్లు ఎటు వెళ్లినా తోటో చెరువో వస్తుంది. అందుకే మేము చూట్ నడిమధ్యన అర్ధరూపాయంత బెజ్జం పెడతాం, ఊగకుండా కాస్త త్వరగా దిగుతుంది. గాలి ఎక్కువుంటే దారాలన్నీ సగంలో కలిపి టేపు చుట్టేస్తాం, గొడుగు పూర్తిగా విచ్చుకోదు. ధాన్యం తూర్పారబట్టే చోటే ఎగరేస్తే గాలి ఎటుందో వేరే చెప్పక్కర్లేదు, పొట్టు చూస్తే చాలు.

వెతకడం గురించి ఒక కథ చెప్పాలి. రెండేళ్ల కిందట మా తొమ్మిదో తరగతి వాళ్ల బాటిల్ ఒకటి పైకి వెళ్లింది, చూట్ బ్రహ్మాండంగా విచ్చుకుంది, తోట మీదుగా తేలుకుంటూ పోయింది. అందరూ ఒకే మాట, "కాలవలో పడింది సార్". రెండు గంటలు కాలవ గట్టు వెంబడి వెతికాం, గుర్రపుడెక్క అంతా కర్రలతో కదిపాం, ఒకడి చెప్పు పోయింది. దొరకలేదు. నెల తర్వాత ఇంకో బాటిల్ కళ్లముందే కొబ్బరిచెట్టెక్కింది. ఎవర్నీ ఎక్కనివ్వలేదు, ఆ తోటకి దింపు తీసే అతన్ని పిలిచాను. అతను కాళ్లకి బంధం వేసుకుని చకచకా ఎక్కి, మొవ్వులో చెయ్యి పెట్టి, కిందకి చూసి "మాస్టారూ, మీది ఒకటా రెండా?" అన్నాడు. నెల కిందటి బాటిల్ కూడా అదే చెట్టు మీద, మట్టల మధ్య ఇరుక్కుని, ప్యారాచూట్‌లో ఎలక గూడు పెట్టేసి ఉంది. కాలవ అక్కడికి ఇంకా ముప్పై మీటర్ల అవతల.

అప్పట్నుంచి మా పద్ధతి మారింది. ఒక పిల్లని లాంచర్ దగ్గర, ఇంకొకర్ని పక్కకి వంద అడుగుల దూరంలో గట్టు మీద నిలబెడతాను. కిందకి దిగేదాకా చూపు తిప్పకూడదు, పరిగెత్తకూడదు, చప్పట్లు కొట్టకూడదు. కనుమరుగైన చోట వెనక ఏ చెట్టు ఉందో, ఏ సెల్ టవర్ ఉందో ఇద్దరూ విడివిడిగా గుర్తుపెట్టుకుంటారు. ఆ రెండు చూపులూ కలిసే చోటే రాకెట్. ఒక్కరి చూపుతో దిక్కు తెలుస్తుంది గానీ దూరం తెలియదు, మేము కాలవలో వెతికింది అందుకే. ఇంకో తప్పు మనవాళ్లందరూ చేసేదే: నడిచేటప్పుడు గట్లు పట్టుకుని వంకరటింకరగా పోతాం, ఆ వంకర్లలో దిక్కు మారిపోతుంది. గట్టు మారినప్పుడల్లా ఆగి, ఆ చెట్టుని మళ్లీ చూసుకోవాలి.

కరెంటు తీగల మీద పడితే మాత్రం అది మీది కాదనుకోండి. రొయ్యల చెరువులో పడితే ముందు కాపలా అతన్ని పిలవండి. పిట్టలు వాలకుండా కట్టిన దారాలు, ఏరేటర్ల కరెంటు, అన్నీ ఉంటాయి అక్కడ, మీరే దిగిపోకండి.

భీమవరం_గాలి:

మాస్టారూ, రెండు చూపుల పద్ధతి అద్భుతం, క్లబ్బులో మేమూ అదే చేసేవాళ్లం. ఒక చిన్న చేర్పు: మోటార్ రాకెట్ కాలుతున్నంతసేపు గాలికి ఎదురు తిరుగుతుంది, ఆ తర్వాత చూట్ మీద గాలివాటున వెనక్కి వస్తుంది. అందుకే రాడ్‌ని గాలికి ఎదురుగా కొద్దిగా వంచితే దాదాపు మన నెత్తి మీదకే దిగుతుంది. కొద్దిగా అంటే కొద్దిగానే.

అటకమీదిబొమ్మ గారూ, నా సలహా ఇది. రాకెట్ అట్ట, చెక్క మాత్రమే, దానికి విమానంలో అడ్డేమీ లేదు. మావయ్యగారు వెళ్లేటప్పుడు పట్టుకెళ్తే అక్కడ షాపులో కొత్త మోటార్లు దొరుకుతాయి, దగ్గర్లో క్లబ్బు మైదానం ఉంటుంది, మూడో గీత అక్కడ గీయించండి. ఈలోపు ఇక్కడ ప్యారాచూట్ పరీక్ష చేసేయండి. మోటార్ బదులు ఒక పెన్‌టార్చి బ్యాటరీకి కాగితం చుట్టి పెట్టండి, బరువు ఇంచుమించు సరిపోతుంది. ముక్కు తీసి చూట్ వదులుగా పట్టుకుని డాబా మీద నుంచి వదలండి.

అటకమీదిబొమ్మ:

పండగ అయ్యింది, ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను.

పాత ప్యారాచూట్ విప్పబోతే ప్లాస్టిక్ మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, లాగితే చిరిగింది. బట్టల షాపు కవరు ఒకటి, పల్చగా గట్టిగా ఉన్నది, ఆరు మూలలుగా కత్తిరించి, మూలకో దారం కట్టి, లోపల కొంచెం పౌడర్ చల్లాం, అతుక్కోకుండా. నడుమ బెజ్జం మాస్టారు చెప్పినట్టే. దారాలు మెలికపడకుండా ముక్కు దగ్గర గేలాల షాపులో దొరికే చిన్న గిరగిరా తిరిగే కొక్కెం పెట్టాం, పది రూపాయలు.

కనుమ రోజు పొద్దున్నే మావయ్య మెట్లెక్కి డాబా మీదకి వచ్చాడు, మోకాళ్ల నొప్పి అని నిన్నటిదాకా కుర్చీలోంచి లేవలేదు. నేను వదులుతానంటే వినలేదు. మొదటిసారి చూట్ సగమే విచ్చుకుంది, కింద సిమెంటు తూము అంచుకి తగిలి ఒక రెక్క మొదట్లో ఊడింది. గీతలున్న రెక్కే. నా గుండె ఆగినంత పనైంది, మావయ్య మాత్రం "1984లో కూడా అదే ఊడిందిరా, జిగురు చూడు, రెండు రంగులుంటాయి" అన్నాడు. నిజంగానే పాత తెల్లజిగురు కింద ఇంకో పసుపు పొర ఉంది. ఫెవికాల్ పెట్టి సాయంత్రం దాకా ఎండలో ఉంచాం. రెండోసారి దారాలు తిన్నగా సర్ది వదిలితే టప్‌మని విచ్చుకుని, ఊగుతూ వెళ్లి పక్కింటివాళ్లు బరకం మీద ఆరబోసిన ధాన్యంలో కూర్చుంది. పక్కింటి అత్తయ్యగారు "ఏం పడేశారర్రా" అని చీపురు పట్టుకుని వచ్చి, మావయ్యని చూసి, "ఇంకా వదల్లేదా నువ్వు ఇది" అంది. ఆవిడ అప్పట్లో చేలో చూసినవాళ్లలో ఒకరట.

మూడో గీత గీద్దామా తాతయ్యా అని బుడ్డోడు బాల్‌పెన్ను తెచ్చాడు. పడేయడం ఎగరడం కాదన్నాడు మావయ్య. ఫిబ్రవరిలో పట్టుకెళ్తున్నాడు. ముక్కు, గొట్టం విడదీసి చీరల మధ్య సర్దాలని మా పెద్దత్తయ్య ఇప్పట్నుంచే గొడవ.

మాస్టారూ, బుడ్డోడికి ఏప్రిల్ దాకా ఆగే ఓపిక లేదు. నీళ్ల రాకెట్ లాంచర్ చేసుకోవడానికి ఏ సైజు పీవీసీ పైపు కొనాలి?

లంక_మాస్టారు:

అరంగుళం పైపు తీసుకుని, ముందు మీ బాటిల్ మూతిలో దూరుతుందో లేదో షాపులోనే పెట్టి చూసుకోండి, కంపెనీని బట్టి పైపు లావు కొంచెం తేడా ఉంటుంది. మూతి దగ్గర ఒక రబ్బరు వాషర్, చుట్టూ కేబుల్ టైలు ఎనిమిదో పదో. గీతలు పడిన బాటిల్ వాడకండి, గాలి కొట్టేటప్పుడు అందరూ కనీసం అయిదారు మీటర్ల దూరంలో ఉండాలి, తాడుతో లాగి వదలండి. మిగతాది ఏప్రిల్‌లో వచ్చినప్పుడు చూపిస్తాను. ఎలక తిన్న ప్యారాచూట్ కూడా ఉంచాను, బుడ్డోడికి చూపిద్దురుగాని.